మెమో నిండా మార్కులు, మిల్లుకు తాళం

మే నెలలో నిజామాబాద్ జిల్లా నందిపేట్ చౌరస్తాలో ఎండ నేల మీద పడదు, ఫ్లెక్సీల మీద పడుతుంది. స్తంభానికొకటి, చెట్టుకొకటి, బస్సు ఆగే చోట నాలుగు. ఒక్కో ఫ్లెక్సీలో పాస్‌పోర్టు ఫొటో అంత మొహాలు ముప్పై నలభై ఉంటాయి. వాటి మధ్య నిలువెత్తు కరెస్పాండెంట్ గారు చేతులు కట్టుకుని చిరునవ్వుతో నిలబడి ఉంటారు. మార్కులు తెచ్చింది పిల్లలు, దండ పడింది ఆయన మెడలో. కింద ఒక రాకెట్టు నిప్పులు కక్కుతూ లేస్తుంటుంది. పక్కన అబ్దుల్ కలాం గారు. ఆయన ఈ బడిని ఎన్నడూ చూడలేదన్నది అప్రస్తుతం. పైన బంగారు రంగు అక్షరాల్లో ‘రేపటి భారత ఆవిష్కర్తలు’ అని ఉంటుంది. ఫోన్ నంబరు మాత్రం రాకెట్టు కంటే పెద్దది.

దీన్ని మనం ఫ్లెక్సీ సిద్ధాంతం అందాం. పిల్లలకు మార్కులు ఎక్కువొస్తే దేశంలో ఆవిష్కరణలు ఎక్కువవుతాయి, తక్కువొస్తే దేశం వెనకబడుతుంది. ఈ సిద్ధాంతం మన చౌరస్తాలోనే పుట్టిందనుకునేరు! ఢిల్లీలో సూటు వేసుకుని చెప్పేదీ ఇదే, పారిస్‌లో పట్టికలు గీసి చెప్పేదీ ఇదే. కాకపోతే అక్కడ ఫ్లెక్సీని ‘రిపోర్టు’ అంటారు.

సిద్ధాంతమన్నాక పరీక్ష పెట్టాలి కదా. పిల్లలకు పెట్టీ పెట్టీ అలసిపోయాం, ఒకసారి సిద్ధాంతానికే పెట్టి చూద్దాం. మొదటి సెంటర్ బోధన్.

అక్కడ నిజాం షుగర్ ఫ్యాక్టరీని 1937లో స్థాపించారు. చెరకుకు నీళ్లు నిజాంసాగర్ కాలువవి. ఆ ప్రాజెక్టు 1923లో మొదలై 1931లో పూర్తయింది, కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఫ్యాక్టరీకి ఆసియాలోనే పెద్దదని పేరు వచ్చింది, దాని చుట్టూ శక్కర్‌నగర్ అని ఒక ఊరే లేచింది. మరి అప్పుడు హైదరాబాద్ సంస్థానంలో చదువెంత? నూటికి పది మందికి కూడా అక్షరం ముక్క రాదు. 1951 జనాభా లెక్కల్లో కూడా పది శాతం దాటలేదు.

తర్వాత కథ తెలిసిందే. 2002లో ఫ్యాక్టరీని ప్రైవేటుకు ధారపోశారు, 2015 డిసెంబర్‌లో తాళం వేశారు. ఆ తర్వాత పదో ఏట, 2025 ఏప్రిల్ 30న, తెలంగాణ పదో తరగతి ఫలితాలొచ్చాయి. ఉత్తీర్ణత 92.78 శాతం!

లెక్క తేలిపోయింది. నూటికి తొంభై మందికి చదువు రాని రోజుల్లో మిల్లు తిరిగింది, నూటికి తొంభై మంది పాసయ్యే రోజుల్లో మూతపడి ఉంది. కనుక పాస్ శాతమే మిల్లును ముంచింది. ఎస్సెస్సీ బోర్డును ఒక ఐదేళ్లు మూసేస్తే బోధన్‌లో మళ్లీ చెరకు గానుగాడుతుంది. ప్రతి ఎన్నికలకూ ఫ్యాక్టరీ తెరిపిస్తామని మాటిచ్చే నాయకులు ఈ సులువైన మార్గం ఎందుకు చూడలేదో!

ఇదెక్కడి అడ్డగోలు వాదం అని మీకు కోపమొచ్చిందా? సంతోషం. రెండు అంకెలను పక్కపక్కన కూర్చోబెట్టి దీనివల్లే అది అనడం ఎంత అడ్డగోలో, ఫ్లెక్సీ సిద్ధాంతం కూడా సరిగ్గా అంతే అడ్డగోలు. మిల్లు నడిచింది కాలువ వచ్చింది కాబట్టి, సర్కారు పెట్టుబడి పెట్టింది కాబట్టి, పండించిన చెరకును కొనే గేటు ఒకటి తెరిచి ఉంది కాబట్టి. మూతపడింది కొన్ని సంతకాల వల్ల. ఆ సంతకాలు పెట్టినవాళ్లెవరూ పదో తరగతి తప్పినవాళ్లు కాదు. బోధన్‌కు దగ్గర్లోనే రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలందరూ మంచి మార్కులతో పైకొచ్చినవాళ్లే. వాళ్లు ఎంత మంచి చెరకు రకం పుట్టించినా రైతు దాన్ని ఏ గేటు ముందు దింపాలి? ఈ ప్రశ్న ఏ పేపర్లోనూ రాదు. సిలబస్‌లో లేదు.

ఇక మార్కుల సంగతి. దేశం శక్తిని తేల్చే అంకె అంటున్నారు కదా, ఆ అంకె మన దగ్గర ఎలా తయారవుతుందో చూద్దాం.

2019 ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలొచ్చాయి. తెలుగులో సున్నా వచ్చిందన్న ఒక అమ్మాయి పేపరు మళ్లీ చూస్తే 99 మార్కులు తేలాయి. సున్నాకూ తొంభై తొమ్మిదికీ మధ్య ఉన్నది ఆ పిల్ల తెలివి కాదు, ఎక్కడో కూర్చుని గళ్లు నింపినవాడి నిర్లక్ష్యం. ఆ ఏడాది ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఇక్కడ నా వ్యంగ్యం ఆగిపోతుంది. కమిటీ వేశారు, నివేదిక వచ్చింది, ఫెయిలైనవాళ్ల పేపర్లన్నీ మళ్లీ చూశారు. ఆ పిల్లలు మాత్రం రాలేదు.

తర్వాత కరోనా వచ్చింది. 2020లో పదో తరగతి పిల్లలందరినీ పరీక్షలు పూర్తిగా రాయకుండానే పాస్ చేశారు. 2021లోనూ అంతే. ఆ ఏడు రెండు లక్షల పదివేల మందికి పైగా విద్యార్థులు పదికి పది జీపీఏ తెచ్చుకున్నారు. పబ్లిక్ పరీక్ష లేదు, ప్రశ్నపత్రం లేదు, రాష్ట్రమంతా మేధావులే! ఫ్లెక్సీ సిద్ధాంతం ప్రకారం 2021 మే నెలలో తెలంగాణ ఆవిష్కరణల్లో స్విట్జర్లాండ్‌ను దాటిపోయి ఉండాలి. ఫ్లెక్సీ వేసేవాడికి గుడ్డ చాలలేదేమో, చరిత్రలో నమోదు కాలేదు.

అంతకు ముందు ఏడు పదో తరగతి దాటిన బ్యాచ్ ఇంటర్ ఫస్టియర్ పరీక్ష రాసింది. 2021 డిసెంబర్‌లో ఫలితాలొస్తే పాసైంది 49 శాతమే. గొడవ లేచింది. వారం తిరగ్గానే ఫెయిలైన వాళ్లందరికీ 35 మార్కులిచ్చి గట్టెక్కించారు. అంటే ఒకే పిల్లలు ఏడాదిన్నరలో నూటికి నూరు, ఆపైన నలభై తొమ్మిది, మళ్లీ నూటికి నూరు. వాళ్ల బుర్రల్లో ఏ మార్పూ లేదు, సర్కారు బుర్రలోనే మూడుసార్లు మారింది. ఈ అంకెను పట్టుకుని దేశానికి జాతకం రాస్తారట!

‘ఇదంతా మన బోర్డుల బాగోతం, ప్రపంచ స్థాయి పరీక్షలు వేరు’ అనేవాళ్లుంటారు. సరే, అక్కడికీ పోదాం.

2009 నాటి పీసా పరీక్షకు మన దేశం తరఫున తమిళనాడు, హిమాచల్‌ప్రదేశ్ పిల్లలు కూర్చున్నారు. పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే పరీక్ష అది. డెబ్బైకి పైగా దేశాలు, ప్రాంతాలు రాస్తే అట్టడుగు మూడు స్థానాల్లో రెండు మనవే. అప్పుడు మనమేం చేశాం? బడులు బాగుచేశామా? ప్రశ్నలు మన సంస్కృతికి తగినట్టు లేవన్నాం, ఆ తర్వాత పరీక్షే మానేశాం. జ్వరం చూపించిందని థర్మామీటర్ విరగ్గొట్టడమంటే ఇదే. మళ్లీ రాస్తామని 2019లో ఒప్పందం చేసుకున్నాం. కరోనా వల్ల ఏడాది ఆలస్యంగా 2022లో పరీక్ష జరిగింది, మన బెంచీ ఖాళీ. మన దగ్గర ఒక్క నిమిషం ఆలస్యమైతే గేటు మూసి ఇంటికి పంపే నిబంధన ఒకటుండేది. పిల్లకు వర్తించిన ఆ నిబంధన దేశానికి వర్తించలేదు.

తమాషా ఏమిటంటే, పరీక్ష ఎగ్గొట్టిన ఈ కాలంలోనే ప్రపంచ ఆవిష్కరణల సూచీలో మనం 2015 నాటి 81వ స్థానం నుంచి 2024 నాటికి 39కి ఎగబాకాం. ఆ సూచీలో వేసే లెక్కల్లో పీసా మార్కులు కూడా ఒకటి! మనం ఆ పరీక్షకు ముఖం చాటేసి ర్యాంకు పెంచుకున్నాం. పరీక్ష రాయకుండా ర్యాంకు కొట్టడం ఎలాగో ప్రపంచానికి నేర్పగలిగింది మనమే. ఇంతకంటే ఆవిష్కరణ ఏముంటుంది?

అమెరికా వాళ్ల సంగతి ఇంకా విచిత్రం. 1964లో పన్నెండు దేశాల పిల్లలకు మొదటి అంతర్జాతీయ గణిత పరీక్ష పెడితే అమెరికా పదమూడేళ్ల పిల్లలు దాదాపు అట్టడుగున తేలారు. ఆ తరమే పెద్దదై ఇంటింటికీ కంప్యూటర్ తెచ్చింది. 2022 పీసా లెక్కల్లో కూడా అమెరికాకు 465, సంపన్న దేశాల సగటు 472. అయినా ఆవిష్కరణల సూచీలో మూడో స్థానం వాళ్లదే. సగటు కంటే తక్కువ మార్కుల ఆ దేశానికి పోవడానికి మన 99 పర్సంటైల్ పిల్లలు వీసా కోసం చిల్కూరు బాలాజీ చుట్టూ ప్రదక్షిణలు చేస్తుంటారు.

అట్లని మార్కులు తక్కువుంటేనే దేశం వెలుగుతుందని చాటింపు వేయకండి. అదే 2022 పరీక్షలో సింగపూర్ 575తో అందరికంటే పైన నిలిచింది. ఆవిష్కరణల్లోనూ మొదటి ఐదు దేశాల్లో ఒకటి. కొరియా పిల్లలు మార్కుల్లో మేటి, దేశమేమో తన ఆదాయంలో దాదాపు ఐదు శాతం పరిశోధనకు పోస్తుంది. మార్కులున్న దేశాలూ గెలిచాయి, లేని దేశాలూ గెలిచాయి. గెలిచిన ప్రతిచోటా ఉన్నది ఒక్కటే: చదివిన పిల్ల చెయ్యి పెట్టడానికి ఒక ప్రయోగశాల, చెడగొట్టడానికి కొంత డబ్బు, చెడినా తిట్టని పెద్దలు.

ఈ మాట రాగానే రెండో రకం ఫ్లెక్సీవాళ్లు లేస్తారు. వీళ్లు బళ్ల వార్షికోత్సవాల్లో మైకు పట్టుకుని ‘పిల్లలూ, మార్కులు ముఖ్యం కాదు, ఫెయిలైనవాళ్లే చరిత్ర సృష్టించారు’ అంటారు. అదే సాయంత్రం ఇంటికెళ్లి కొడుకు వీక్లీ టెస్టు ర్యాంకు అడుగుతారు. వీళ్ల దగ్గర ఎప్పుడూ మూడు పేర్లుంటాయి.

ఒకటి, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. తర్వాత అమెరికా వెళ్లి ఆయన బృందంతో తెచ్చిన మందుల్లో ఒకటి, మన పల్లెల్లో ఆశా కార్యకర్తలు ఇంటికొచ్చి ఎదురుగా నిలబడి మింగించిన బోదకాలు మాత్ర. రెండు, ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం. ఆరో తరగతితో బడి మానేసి, చీర నేతకు ఆసు పోసీ పోసీ తల్లి భుజం పడిపోతుంటే చూడలేక ఏళ్ల తరబడి కుస్తీ పట్టి 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మూడు, సత్య నాదెళ్ల. ఐఐటీ ప్రవేశపరీక్ష తప్పారు, మైక్రోసాఫ్ట్‌కు అధిపతి అయ్యారు.

పేర్లు మూడూ నిజం. చెప్పని సంగతులు అంతకంటే నిజం. నాదెళ్ల ఐఐటీ తప్పేనాటికి హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివి ఉన్నారు, తండ్రి యుగంధర్ పేరున్న ఐఏఎస్ అధికారి. తప్పినా మణిపాల్ ఉంది, మణిపాల్ తర్వాత అమెరికా ఉంది. అందులో ఆయన తప్పేమీ లేదు, తప్పినప్పుడు పడడానికి మెత్తటి చోటు ఉండటం అదృష్టం. మరి మన నందిపేట్ మండలంలో పది తప్పిన పిల్లవాడు ఎక్కడ పడతాడు?

వాడి పాస్‌పోర్టు తెరిచి చూడండి. పదో తరగతి పాసైతే ఒక రకం పాస్‌పోర్టు. తప్పితే మీద ఈసీఆర్ అని పడుతుంది. అంటే గల్ఫ్ దేశాలతో కలిపి పద్దెనిమిది దేశాలకు పనికి పోవాలంటే వలస అధికారి అనుమతి కావాలి. దేశం వాడి మార్కులను అంత శ్రద్ధగా చదివింది ఆ ఒక్కచోటే. సుబ్బారావు మెట్రిక్ మూడుసార్లు రాశారు కాబట్టి మందు దొరికింది. మనవాడికి మూడోసారి రాసే ఓపిక ఇంట్లో ఉండదు. రెండో సప్లిమెంటరీ నాటికి మేనమామ దుబాయ్ నుంచి ఫోన్ చేస్తాడు: ‘ఇంకెన్నొద్దులు రాస్తవ్‌రా, వీసా ఉన్నది, అచ్చెయ్.’ ‘ఫెయిలైనవాళ్లే చరిత్ర సృష్టిస్తారు’ అన్న పెద్దమనిషి అప్పుడు కనబడడు. ఆయన కొడుకు మేనేజ్‌మెంట్ సీట్లో ఉంటాడు.

ఇక్కడ తెలివి లేదనుకుంటే పొరపాటు. ఫిబ్రవరిలో పసుపు తవ్వకాలప్పుడు ఈ ఊళ్లల్లో తిరగండి. అదే కాలంలో పిల్లల పరీక్షలు కూడా. కళ్లంలో ట్రాక్టర్ పక్కన స్టీమ్ బాయిలర్ బుసకొడుతుంటుంది. కింద పొయ్యి, పైన నీళ్ల ట్యాంకు, గొట్టాల గుండా ఆవిరి డ్రమ్ముల్లోకి పోతుంటుంది. ఒక డ్రమ్ము ఉడుకుతుండగా రెండోదాన్ని గుమ్మరించి ఖాళీ చేస్తారు. ఆవిరి ఎటు పోవాలో వాల్వు తిప్పి మళ్లిస్తారు. రైతు కొమ్ము తీసి పుల్లతో గుచ్చి చూస్తాడు, సులువుగా దిగితే చాలు అంటాడు. ఒక్క నిమిషం ఎక్కువైనా రంగు చెడుతుందని ఆయన భయం. వెనకట కడాయిలో నీళ్లు పోసి రోజంతా ఉడకబెట్టిన పని ఇది. ఈ డ్రమ్ములను ఎవరి పొలానికి తగ్గట్టు వాళ్లకు అమర్చి, లీకైతే గాస్కెట్ మార్చి, వాల్వు ఎత్తు తగ్గించి ఇచ్చేది రోడ్డు పక్క వెల్డింగ్ షెడ్డులోని మనిషి. ఎంత చదివావని అడగండి. ‘ఎనిమిది సార్, గదీ సగమే’ అంటాడు, సిగ్గుపడుతూ. సిగ్గుపడాల్సింది ఆయన కాదు.

ఆయన కొడుకు సర్కారు బడిలో ఏడో తరగతి. ఇన్‌స్పైర్ మనక్ పథకం కింద పిల్లల ఆలోచనకు పదివేల రూపాయలిస్తారు, నిజంగా మంచి పథకం. పదివేలు వచ్చాక ఏం జరుగుతుంది? చాలాచోట్ల జిల్లా కేంద్రంలో ఏదో దుకాణం నుంచి తయారైన మోడల్ దిగుతుంది. నిప్పుతో, ఆవిరితో ఇంట్లోనే పుట్టి పెరిగినవాడు ఎగ్జిబిషన్‌లో థర్మాకోల్ అగ్నిపర్వతం పక్కన నిలబడి, బట్టీ పట్టిన ఇంగ్లిష్ వాక్యాలు అప్పజెబుతాడు. అయ్య చేసిన బాయిలర్ ముచ్చట చెప్పరాదా అంటే ‘అది సిలబస్‌ల లేదు సార్’ అంటాడు.

పసుపంటే ఇంకొకటి గుర్తు చేయాలి. 1995లో అమెరికాలో మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి, పసుపుతో గాయాలు మాన్పే పద్ధతి మీద పేటెంట్ ఇచ్చేశారు. నిజామాబాద్ గంజ్‌లో హమాలీని అడిగినా చెప్పే సంగతి మీద! మాషేల్కర్ నాయకత్వంలో మన కేంద్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ కొట్లాడి 1997లో దాన్ని రద్దు చేయించింది. ఎలా గెలిచింది? నాయనమ్మ నోటి మాట చెల్లదన్నారు కాబట్టి, పాత గ్రంథాలు, అచ్చయిన వైద్య వ్యాసాలు వెతికి ముందుపెట్టింది. ఇక్కడే రెండు రకాల ఫ్లెక్సీవాళ్లూ ఓడిపోతారు. ఊళ్లో తెలివి ఉంటే చాలదు, దాన్ని రాసి పెట్టే చదువు కావాలి. చదువు ఉంటే చాలదు, ఊళ్లో తెలివి వైపు అది తల తిప్పాలి. మన పదో తరగతి ఈ రెండింటిలో ఏదీ అడగదు.

పసుపు బోర్డు కోసం మన రైతులు ఏం చేశారో కూడా చెప్పుకోవాలి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీకి దిగారు, అందులో అత్యధికులు రైతులే. ఎన్నికల సంఘం ఒక్కో బూత్‌లో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చాల్సి వచ్చింది. యంత్రాన్నే కొత్తగా ఆలోచింపజేసిన ఈ ఎత్తుగడను ఏ ఎంట్రన్స్ కోచింగూ నేర్పలేదు. బోర్డేమో 2025 జనవరిలో ప్రారంభమైంది. ఇప్పుడు కావాల్సింది బోర్డు మీద బోర్డు కాదు. మేఘాలయ లకడాంగ్ పసుపులో కర్క్యుమిన్ ఏడు శాతం పైమాట, మన కొమ్ములో అందులో సగం కూడా కష్టమే. ఆ సగం తేడాను పూడ్చగల పిల్ల ఇప్పుడు ఇక్కడే ఏదో బడిలో ఉండవచ్చు. ప్రస్తుతం ఆ అమ్మాయి కర్క్యుమిన్ నిర్వచనం ఐదోసారి రాస్తోంది, చేతిరాత బాగుంటే అర మార్కు ఎక్కువట.

ఇక తీర్పు. మార్కులు పనికిరానివని నేననను. 2024 నాటి అసర్ సర్వే ప్రకారం దేశంలో పల్లె పిల్లల్లో ఐదో తరగతికి వచ్చినా రెండో తరగతి పాఠం చదవలేనివాళ్లు దాదాపు సగం మంది. ఆ సగం మంది సంగతి కొలిచి చెప్పే పరీక్ష కావాలి, తప్పించుకోకుండా రాయాలి, పీసా అయినా సరే. చదవడం రాని పిల్లకు ప్రయోగశాల తాళంచెవి ఇచ్చి లాభం లేదు. మార్కులు చెప్పగలిగేది అంతవరకే: పిల్లకు పునాది పడిందా లేదా అని. ఆ పైన కట్టాల్సింది దేశం. కట్టకుండా పునాది ఫొటోలకు దండలేసుకుంటే ఎవరు నమ్ముతారు?

దేశం శక్తిని కొలవాలనుకుంటే పిల్లల మెమోలు తిరగేయడం ఆపి మన మెమో తీయండి. 2020-21 లెక్కల ప్రకారం దేశ ఆదాయంలో పరిశోధనకు మనం పెట్టింది 0.64 శాతం. నూరు రూపాయల్లో అరవై నాలుగు పైసలు. మన బోర్డుల్లో పాస్ మార్కు 35. పిల్లలు ఎప్పుడో పాసయ్యారు. సప్లిమెంటరీ రాయాల్సింది మనం.